భాగం 9: దంతక్షయ నివారణ – దంతవైద్యుని దైనందిన ఆచరణ

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 దంతక్షయం ఎలా మొదలవుతుంది?
9.3 ముప్పు అంచనా
9.4 నివారణ చికిత్సలు
9.5 ఫ్లోరైడ్: నల్లగొండ నేర్పిన పాఠం
9.6 రెండు ఉదాహరణలు
9.7 సారాంశం
9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.10 పదకోశం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• దంతక్షయం ఏర్పడే తీరును, దాని తొలి దశను వివరించగలుగుతారు.
• దంతవైద్యుడు ఒక వ్యక్తికి ఉన్న ముప్పును ఎలా అంచనా వేస్తాడో చెప్పగలుగుతారు.
• ఫ్లోరైడ్ పేస్టు, వార్నిష్, సీలెంట్, సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్‌ల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• తాగునీటి ద్వారా ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్‌కూ, పంటిపై పూసే ఫ్లోరైడ్‌కూ మోతాదులో ఉన్న తేడాను లెక్కగట్టగలుగుతారు.

9.1 పరిచయం

మనలో చాలామంది పన్ను నొప్పి భరించలేని స్థితికి వచ్చాకే దంతవైద్యుని దగ్గరకు వెళ్తాం. అప్పటికి పన్ను లోపలి నరం దాకా పుచ్చి ఉంటుంది. చికిత్స పెద్దది, ఖర్చూ పెద్దదే. పోయిన పంటి భాగం మాత్రం తిరిగి పెరగదు. సిమెంటు పెట్టించుకున్నా అది శాశ్వతం కాదు. కొన్నేళ్ళకు దాని అంచుల్లో మళ్ళీ పుచ్చు పట్టవచ్చు, మళ్ళీ తవ్వవలసి రావచ్చు. తవ్విన ప్రతిసారీ పన్ను కొంత తగ్గుతుంది. అందుకే మొదటి రంధ్రం పడకుండా చూడడం ఆధునిక దంతవైద్యంలో ప్రధాన లక్ష్యమైంది.

ఈ విషయాన్ని మనం హైదరాబాద్ పశ్చిమ భాగంలోని హైటెక్ సిటీ, సైబరాబాద్ ప్రాంతం ఆధారంగా పరిశీలిద్దాం. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ వరకు ఐటీ కార్యాలయాలు, వాటి చుట్టూ నివాసాలు విస్తరించాయి. ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, రాత్రి షిఫ్టులు, వేళాపాళా లేని తిండి, గంటగంటకూ టీ. దంతక్షయానికి అనువైన అలవాట్లు ఇక్కడ ఒకేచోట కనిపిస్తాయి. రెండు, ఇక్కడి కుటుంబాలు వేరువేరు జిల్లాల నుంచి వచ్చాయి. నల్లగొండ పల్లె బావి నీళ్ళు తాగి పెరిగినవారు, గోదావరి కాలువ నీళ్ళు తాగినవారు, పుట్టినప్పటి నుంచి శుద్ధి యంత్రం నీళ్ళే తాగిన పిల్లలు ఒకే అపార్టుమెంటులో ఉంటారు. వారందరికీ ఒకే నివారణ చికిత్స సరిపోదు. ఎందుకు సరిపోదో తెలుసుకోవడమే ఈ భాగం ముఖ్యోద్దేశం.

9.2 దంతక్షయం ఎలా మొదలవుతుంది?

పంటి పైపొరను ఎనామిల్ అంటారు. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం ఇదే. ఇది ప్రధానంగా కాల్షియం, ఫాస్ఫేట్‌లు కలిసిన హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజంతో తయారవుతుంది. పళ్ళ మీద పేరుకునే పాచిలో కోట్ల సంఖ్యలో బాక్టీరియా నివసిస్తాయి. మనం తిన్న చక్కెరను అవి కొద్ది నిమిషాల్లోనే ఆమ్లంగా మారుస్తాయి. పాచిలోని పీహెచ్ విలువ సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు ఎనామిల్ నుంచి ఖనిజాలు కరిగి బయటకు వస్తాయి.

ఇక్కడ లాలాజలం మనకు రక్షణగా నిలుస్తుంది. అది ఆమ్లాన్ని పలుచబరచి, తటస్థపరచి, కరిగిన కాల్షియం, ఫాస్ఫేట్‌లను తిరిగి పంటికి అందిస్తుంది. దీనిని ఖనిజ పునఃస్థాపన అంటారు. తీపి తిన్న తరువాత పీహెచ్ మామూలు స్థితికి రావడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. కరగడం, తిరిగి చేరడం రోజంతా జరుగుతూనే ఉంటాయి. కరగడం పైచేయి అయిన చోట క్షయం మొదలవుతుంది.

దీని నుంచి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది: ఎంత చక్కెర తిన్నాం అన్నదానితో పాటు ఎన్నిసార్లు తిన్నాం అన్నదీ లెక్కలోకి వస్తుంది. ఒక ఉద్యోగి షిఫ్టులో ఆరు కప్పుల తీపి టీ తాగాడనుకోండి. ఒక్కో కప్పునూ రెండు మూడు నిమిషాల్లో ముగిస్తే, కప్పుకు అరగంట చొప్పున పళ్ళు మూడు గంటలు ఆమ్లంలో ఉంటాయి. అదే కప్పును కంప్యూటర్ పక్కన పెట్టుకుని అరగంట పాటు చప్పరిస్తే, కప్పుకు గంట చొప్పున ఆరు గంటలవుతుంది. టీ అంతే, చక్కెర అంతే, నష్టం మాత్రం రెట్టింపు.

క్షయం తొలి దశలో రంధ్రం ఉండదు. చిగురు అంచున, పాచి నిలిచే చోట, సుద్దముక్క రంగులో కాంతి లేని తెల్ల మచ్చ కనిపిస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి మనం గమనించం. కానీ ఈ దశలో నష్టాన్ని వెనక్కు మళ్ళించవచ్చు. మచ్చ ఉన్న చోట పైపొర కూలి రంధ్రం పడిందంటే ఆ అవకాశం పోయినట్లే. నివారణ చికిత్సలన్నీ ఈ గీతకు ఇవతలే ఎక్కువ మేలు చేస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. ఖనిజ పునఃస్థాపన అంటే ఏమిటి?
2. దంతక్షయం తొలి దశలో పంటిపై ఏ గుర్తు కనిపిస్తుంది?

9.3 ముప్పు అంచనా

నివారణ పద్ధతిలో పనిచేసే దంతవైద్యుడు ముందుగా ప్రశ్నలు అడుగుతాడు. వాటికి వచ్చే జవాబులను బట్టి రోగిని తక్కువ, మధ్యస్థ, ఎక్కువ ముప్పు గల వర్గాల్లో ఒకదానిలో చేరుస్తాడు. సాధారణంగా అడిగే విషయాలు ఇవి:

(అ) గత చరిత్ర: గడచిన రెండు మూడేళ్ళలో కొత్తగా పుచ్చు పట్టిందా? భవిష్యత్తులో రాబోయే క్షయానికి ఇది బలమైన సూచిక.

(ఆ) తీపి వేళలు: భోజనాల మధ్య టీ, బిస్కెట్లు, శీతల పానీయాలు ఎన్నిసార్లు? పసిపిల్లలైతే రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతారా?

(ఇ) నిద్ర వేళ: ఎప్పుడు నిద్రపోతారు, అంతకుముందు పళ్ళు తోముతారా? నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పళ్ళకు రక్షణ లేని సమయం అదే.

(ఈ) లాలాజలం: నోరు ఎండిపోతోందా? అలర్జీ, రక్తపోటు, మానసిక ఒత్తిడికి వాడే కొన్ని మందులు లాలాజలాన్ని తగ్గిస్తాయి.

(ఉ) నీరు: ఇప్పుడు ఏ నీరు తాగుతున్నారు? పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ళ వయసు వరకు ఎక్కడి నీరు తాగారు?

చివరి ప్రశ్న మన రాష్ట్రాల్లో ప్రత్యేకంగా అడగవలసినది. హైదరాబాద్‌కు మంజీర, కృష్ణా, గోదావరి నీళ్ళు వస్తాయి. కానీ ఐటీ కారిడార్‌లోని అనేక అపార్టుమెంట్లలో నల్లా నీటితో పాటు బోరు నీరు, ట్యాంకర్ నీరు కూడా ఒకే సంపులో కలుస్తాయి. తాగడానికి ఆర్‌వో యంత్రం నీరో, ఇరవై లీటర్ల క్యానో వాడతారు. ఆర్‌వో పొర నీటిలోని ఫ్లోరైడ్‌ను చాలావరకు తీసివేస్తుంది. కనుక ఆ ఇంటి పిల్లలకు నీటి ద్వారా అందే ఫ్లోరైడ్ చాలా స్వల్పం. నేరుగా బోరు నీరు తాగేవారి సంగతి వేరు. ఈ ప్రాంతమంతా గ్రానైట్ శిలల మీద ఉంది. ఇలాంటి శిలల్లోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి కరుగుతుంది. అది ఒక బోరుకూ మరో బోరుకూ మారుతుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. నీటి శుద్ధి యంత్రం అమ్మేవారు చూపే టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే సూచిస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ తక్కువైనంత మాత్రాన ఫ్లోరైడ్ తక్కువని అనుకోకూడదు. అది తెలియాలంటే ప్రయోగశాలలో ఫ్లోరైడ్ పరీక్ష విడిగా చేయించాలి.

ప్రశ్నల తరువాత పరీక్ష. పళ్ళను శుభ్రపరచి, గాలితో ఆరబెట్టి చూస్తారు. తడిగా ఉన్నప్పుడు కనిపించని తెల్ల మచ్చ ఆరినప్పుడు బయటపడుతుంది. రెండు పళ్ళ మధ్య దాగిన క్షయాన్ని చిన్న ఎక్స్‌రే తీసి గుర్తిస్తారు.

9.4 నివారణ చికిత్సలు

9.4.1 ఫ్లోరైడ్ టూత్‌పేస్టు

ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ ఉన్న సాధనం ఇదే. ఆమ్లం వల్ల కరిగిన చోట ఖనిజం తిరిగి చేరేటప్పుడు ఫ్లోరైడ్ అందుబాటులో ఉంటే ఫ్లోరాపటైట్ ఏర్పడుతుంది. హైడ్రాక్సీఅపటైట్ పీహెచ్ 5.5 దగ్గర కరగడం మొదలైతే, ఫ్లోరాపటైట్ సుమారు 4.5 వరకు తట్టుకుంటుంది. అంటే బాగుపడిన చోటు మునుపటి కంటే గట్టిపడుతుంది.

మన దేశ నిబంధనల ప్రకారం టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. ఎంత ఉందో ట్యూబుపై ముద్రించాలి. 1000 పీపీఎం అంటే ఒక గ్రాము పేస్టులో ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. ప్రకటనల్లో బ్రష్షు పొడవునా పేస్టు పరచి చూపించేది అమ్మకానికే తప్ప అవసరానికి కాదు. తోమిన తరువాత నురుగును ఉమ్మివేయాలి. వెంటనే నోటి నిండా నీళ్ళు పోసుకుని పుక్కిలిస్తే పంటికి అంటిన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది.

9.4.2 ఫ్లోరైడ్ వార్నిష్

ఇది దంతవైద్యుడు చిన్న కుంచెతో పళ్ళపై పూసే చిక్కని ద్రవం. సాధారణంగా 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. అంటే 22,600 పీపీఎం. లాలాజలం తగలగానే గట్టిపడి పంటికి అతుక్కుని, గంటల తరబడి ఫ్లోరైడ్‌ను విడుదల చేస్తుంది. పూయడానికి కొద్ది నిమిషాలు చాలు. సూది, తవ్వకం ఉండవు. ముప్పును బట్టి మూడు లేదా ఆరు నెలలకొకసారి పూస్తారు. 2013లో వెలువడిన కోక్రేన్ సమీక్ష ప్రకారం వార్నిష్ వాడిన పిల్లల్లో శాశ్వత దంతాల క్షయం సగటున 43 శాతం, పాలపళ్ళ క్షయం 37 శాతం తగ్గింది.

పూసిన రోజు పళ్ళు కొంచెం పసుపుగా కనిపించవచ్చు. కొన్ని గంటల పాటు గట్టివి, బాగా వేడివి తినకూడదు. ఆ రాత్రి బ్రష్ చేయకుండా మరునాడు చేయాలి. చాలా వార్నిష్‌లలో చెట్టు నుంచి తీసిన రెసిన్ ఉంటుంది. దానికి అలర్జీ ఉన్నవారు ముందే చెప్పాలి.

9.4.3 సీలెంట్

నమిలే పళ్ళపై సన్నని లోతైన గాడులుంటాయి. బ్రష్ కుచ్చు ఆ గాడుల అడుగుకు చేరదు. అన్నం మెతుకు, బిస్కెట్ పొడి చేరతాయి. ఫ్లోరైడ్ నునుపైన తలాలను కాపాడినంతగా గాడులను కాపాడలేదు. అందుకే ఆ గాడులను మూసివేసే పూత అవసరమైంది. ఆమ్లంతో ఎనామిల్‌ను కొద్దిగా గరుకు చేస్తే రెసిన్ గట్టిగా అంటుకుంటుందని 1955లో మైఖేల్ బ్యూనోకోర్ చూపించాడు. సీలెంట్‌కు అదే పునాది.

విధానం ఇలా ఉంటుంది: పన్ను శుభ్రం చేసి దూది చుట్టలతో తడి తగలకుండా చూస్తారు. సుమారు 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 15 నుంచి 30 సెకన్లు ఉంచి కడుగుతారు. ఆరబెట్టినప్పుడు పన్ను మంచు పట్టినట్లు తెల్లబడాలి. తరువాత రెసిన్ పూసి నీలికాంతితో గట్టిపరుస్తారు. ఈ పనిలో ఒక్క చుక్క లాలాజలం తగిలినా పూత నిలవదు. చిన్నపిల్లలు నోరు తెరిచి ఉంచలేకపోతే, తడిని కొంత తట్టుకునే గ్లాస్ అయానమర్ సిమెంటును తాత్కాలికంగా వాడతారు.

మొదటి శాశ్వత చర్వణకాలు సుమారు ఆరేళ్ళకు, రెండవవి పన్నెండేళ్ళకు వస్తాయి. వచ్చిన కొద్ది కాలంలోనే సీలెంట్ వేయించడం మేలు. ఆరేళ్ళ చర్వణకం ఏ పాలపన్నూ ఊడకుండా వెనక నుంచి నిశ్శబ్దంగా వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు దానినీ పాలపన్నే అనుకుని, పుచ్చినా ఊరుకుంటారు. అది పోతే మరొకటి రాదు.

9.4.4 సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్

ఇప్పటికే రంధ్రం పడినా నరం దాకా పోని క్షయాన్ని ఆపడానికి 38 శాతం సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ ద్రవాన్ని వాడతారు. వెండి బాక్టీరియాను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన భాగాన్ని గట్టిపరుస్తుంది. యంత్రం శబ్దానికే ఏడ్చే మూడేళ్ళ పాపకు, మంచం పట్టిన వృద్ధునికి ఇది ఎంతో ఉపయోగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనిని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. అయితే క్షయం పట్టిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. పూయడానికి ముందే ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పి, ఫొటో చూపించి, అంగీకారం తీసుకోవాలి. వెండికి అలర్జీ ఉన్నా, నరానికి సోకి నొప్పి ఉన్నా దీనిని వాడరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. సీలెంట్ ఏ తలాలను కాపాడుతుంది? ఎందుకు అవసరం?
4. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ వాడే ముందు ఏ విషయం చెప్పాలి?

9.5 ఫ్లోరైడ్: నల్లగొండ నేర్పిన పాఠం

9.5.1 నేపథ్యం

తెలుగు రాష్ట్రాల్లో ఫ్లోరైడ్ అనగానే నల్లగొండ గుర్తుకొస్తుంది. వంగిన నడుములు, వంకర తిరిగిన కాళ్ళు, గారపట్టిన పళ్ళు గుర్తుకొస్తాయి. అందువల్ల "మా బాబు పళ్ళకు ఫ్లోరైడ్ పూస్తారా? అది విషం కదా!" అని ఒక తల్లి అడిగితే ఆ భయం అజ్ఞానం కాదు. దాని వెనుక ఒక ప్రాంతం అనుభవం ఉంది. దంతవైద్యుడు దానికి గౌరవంగా జవాబు చెప్పాలి.

భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా వర్ణించిన తొలి నివేదికలలో ముఖ్యమైనది 1937లో వెలువడింది. హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో దీనిని పరిశీలించారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే స్థితిని లాన్సెట్ పత్రికలో వివరించారు. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌లతో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. తరువాతి కాలంలో నదీజలాలను పైపుల ద్వారా పల్లెలకు అందించడం ప్రధాన పరిష్కారమైంది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఆ కోవలోనిదే.

ఇదే కాలంలో అమెరికాలో వేరొక అనుభవం ఎదురైంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము ఉన్న ఊళ్ళలో పిల్లలకు పుచ్చుపళ్ళు తక్కువగా ఉన్నాయని ట్రెండ్లీ డీన్ అధ్యయనాలు చూపాయి. 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరం నీటిలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. ఒకచోట తీసివేయాలని తపన పడిన పదార్థాన్నే మరోచోట కలిపారు. రెండూ సరైనవే, ఎందుకంటే రెండుచోట్లా నీటిలోని మోతాదు వేరు. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతిస్తారు.

9.5.2 ఒక చిన్న లెక్క

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు అంకెలతో జవాబు చూద్దాం. పక్కన కాగితం పెట్టుకుని మీరూ చేయండి.

బావి నీరు: లీటరుకు 4 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న నీటిని ఒక పిల్లవాడు రోజుకు లీటరున్నర తాగాడనుకుందాం.
ఒక రోజుకు: 4 × 1.5 = 6 మి.గ్రా.
ఒక సంవత్సరానికి: 6 × 365 = 2,190 మి.గ్రా.

వార్నిష్: పిల్లలకు ఒకసారి పూయడానికి సుమారు 0.25 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఒక మిల్లీలీటరులో 22.6 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉంటుంది.
ఒకసారికి: 0.25 × 22.6 = 5.65 మి.గ్రా.
ఆరు నెలలకొకసారి చొప్పున సంవత్సరానికి: 11.3 మి.గ్రా.

పూసిన వార్నిష్ మొత్తం క్రమంగా మింగేసినా ఏడాది మొత్తం మీద అది ఆ బావి నీటి రెండు రోజుల మోతాదును మించదు. 20 కిలోల పిల్లవానికి విషప్రభావం చూపగల మోతాదుగా వైద్యులు లెక్కలోకి తీసుకునేది కిలోకు 5 మి.గ్రా. చొప్పున 100 మి.గ్రా. వార్నిష్ దానికి చాలా దూరంలో ఉంది.

ఇంకొక తేడా కూడా ఉంది. పళ్ళపై ఫ్లోరోసిస్ మచ్చలు, ఎనామిల్ దవడ లోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళలోపు, రోజూ ఎక్కువ ఫ్లోరైడ్ ఒంట్లోకి పోతేనే వస్తాయి. బయటికి వచ్చిన పంటిపై పూసిన ఫ్లోరైడ్ ఆ పంటికి ఫ్లోరోసిస్ తెచ్చిపెట్టదు.

అయితే ఈ లెక్కను అలుసుగా తీసుకోకూడదు. పసిపిల్లలు రుచిగా ఉందని పేస్టు తినడం ప్రమాదకరమే. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న ఊళ్ళో మొదట మార్చవలసింది తాగునీరు. అక్కడి చిన్నపిల్లలకు ఏ పేస్టు వాడాలో నీటి పరీక్ష ఫలితం చూసి దంతవైద్యుడు నిర్ణయిస్తాడు.

9.5.3 రెండు రకాల తెల్ల మచ్చలు

తొలి క్షయమూ తెల్ల మచ్చే, తేలికపాటి ఫ్లోరోసిస్ కూడా తెల్ల మచ్చే. కానీ మొదటిదానికి ఫ్లోరైడ్ చికిత్స కావాలి, రెండవది అధిక ఫ్లోరైడ్ వల్లనే వచ్చింది. వాటిని ఇలా గుర్తిస్తారు:

• స్థానం: క్షయం మచ్చ చిగురు అంచున, పాచి చేరే చోట ఉంటుంది. ఫ్లోరోసిస్ గీతలు పంటి తలమంతా పరచుకుని ఉంటాయి.
• జత: ఫ్లోరోసిస్ కుడి, ఎడమ వైపుల ఒకే జత పళ్ళపై ఒకేలా కనిపిస్తుంది. క్షయానికి ఆ నియమం లేదు.
• కాలం: ఫ్లోరోసిస్ మచ్చ పన్ను వచ్చిననాటి నుంచీ ఉంటుంది. క్షయం మచ్చ తరువాత పుడుతుంది.

ఫ్లోరోసిస్ ఉన్న పంటికి క్షయం రాదనుకోవడమూ పొరపాటే. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో ఎనామిల్ గుంటలు పడి పెళుసవుతుంది. ఆ గుంటల్లో పాచి చేరుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 3
5. లీటరుకు 3 మి.గ్రా. ఫ్లోరైడ్ గల నీటిని రోజుకు 2 లీటర్లు తాగితే 30 రోజుల్లో ఒంట్లోకి ఎంత ఫ్లోరైడ్ చేరుతుంది?

9.6 రెండు ఉదాహరణలు

కింది రెండు సందర్భాలు పాఠం కోసం ఊహించినవి. దంతవైద్యుని ఆలోచన ఏ క్రమంలో సాగుతుందో గమనించండి.

ఉదాహరణ 1: నానక్‌రామ్‌గూడలో పనిచేసే 29 ఏళ్ళ ఉద్యోగి. సాయంత్రం ఆరున్నరకు వెళ్ళి తెల్లవారుజామున మూడున్నరకు వస్తాడు. షిఫ్టులో ఆరు టీలు, ఒక శీతల పానీయం. ఇంటికి రాగానే ఏదో ఒకటి తిని పడుకుంటాడు. మధ్యాహ్నం లేచి బ్రష్ చేస్తాడు. నాలుగు పళ్ళపై చిగురు అంచున తెల్ల మచ్చలున్నాయి. ఎక్స్‌రేలో రెండు పళ్ళ మధ్య ఎనామిల్ వరకే పరిమితమైన క్షయం కనిపించింది.

ఎనామిల్ దాటలేదు కాబట్టి ఇక్కడ తవ్వవలసిన పని లేదు. దంతవైద్యుడు వార్నిష్ పూసి, మూడు నెలల తరువాత మళ్ళీ రమ్మంటాడు. కానీ అసలు చికిత్స మాటల్లో ఉంది. "ఉదయం, రాత్రి బ్రష్ చేయండి" అనే మామూలు సలహా ఇతనికి పనికిరాదు. ఇతని రాత్రి తెల్లవారుజామున మొదలవుతుంది. "నిద్రపోయే ముందు, అది ఏ వేళైనా సరే, ఫ్లోరైడ్ పేస్టుతో తోమండి. ఆ తరువాత నీళ్ళు తప్ప ఏమీ తీసుకోవద్దు" అని చెప్పాలి. టీ పూర్తిగా మానమంటే మానడు. రెండు టీలు చక్కెరతో, మిగతావి చక్కెర లేకుండా, అదీ చప్పరించకుండా తాగమంటే ప్రయత్నిస్తాడు. శీతల పానీయాన్ని భోజనంతో పాటే ముగించమనాలి. ఏడాది తరువాత తీసే ఎక్స్‌రేలో క్షయం పెరగకపోతే పంటిని తవ్వకుండా కాపాడుకున్నట్లే.

ఉదాహరణ 2: కొండాపూర్‌లో నివసించే ఆరేళ్ళ బాబు. మూడేళ్ళ వరకు నల్లగొండ జిల్లాలో అమ్మమ్మ ఇంట పెరిగాడు. అక్కడ బోరు నీరు తాగాడు. ఇప్పుడు ఆర్‌వో నీరు. రెండు పాల చర్వణకాలు పుచ్చాయి, నొప్పి లేదు. మొదటి శాశ్వత చర్వణకాలు ఇప్పుడే వచ్చాయి. గాడులు లోతుగా ఉన్నాయి. తల్లి ఫ్లోరైడ్ వద్దంటోంది. "ఎలాగూ ఊడిపోయే పళ్ళు కదా సార్" అని తండ్రి అంటున్నాడు.

ఇక్కడ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. పాల చర్వణకాలు పది, పన్నెండేళ్ళ వరకు ఉండి, నమలడానికీ, వెనక వచ్చే పళ్ళకు చోటు కాపాడడానికీ పనికొస్తాయి. అవి ముందే పోతే పక్కపళ్ళు వాలి, శాశ్వత దంతాలు వంకరగా వస్తాయి. తల్లి భయానికి 9.5.2లోని లెక్క జవాబు. "అమ్మా, మీ బాబు ఊళ్ళో తాగిన నీళ్ళ గురించి మీరు భయపడడంలో తప్పు లేదు. ఇప్పుడు మీ ఇంటి నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు లేదు. నేను పూసేది ఏడాది మొత్తానికి ఆ నీళ్ళ నాలుగు రోజుల పాటి కూడా కాదు" అని వివరించాలి. తరువాత రాబోయే పై ముందు పళ్ళపై ఫ్లోరోసిస్ గీతలు కనిపించే అవకాశం ఉందని, అవి చిన్ననాటి నీటి వల్లనే తప్ప ఈ చికిత్స వల్ల కాదని ముందుగానే చెప్పాలి. ఈ మాట ముందు చెబితే అవగాహన, తరువాత చెబితే సాకు.

తల్లిదండ్రులు అంగీకరిస్తే, పాలపళ్ళపై సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్, శాశ్వత చర్వణకాలకు సీలెంట్, మూడు నెలలకొకసారి వార్నిష్ అన్నది ప్రణాళిక. వద్దంటే సీలెంట్ వేసి, తిండి వేళలు సరిచేసి, మళ్ళీ మాట్లాడడానికి తలుపు తెరిచి ఉంచాలి. సీలెంట్‌లో భయపడవలసిన ఫ్లోరైడ్ మోతాదు ఏమీ లేదు.

9.7 సారాంశం

దంతక్షయం ఒక్క రోజులో వచ్చేది కాదు. ఖనిజాలు కరగడం, తిరిగి చేరడం మధ్య సమతుల్యం చెడినప్పుడు మొదలవుతుంది. తెల్ల మచ్చ దశలో దానిని వెనక్కు మళ్ళించవచ్చు. దంతవైద్యుడు తీపి వేళలు, నిద్ర వేళ, లాలాజలం, తాగిన నీటి చరిత్రను బట్టి ముప్పును అంచనా వేసి, పేస్టు, వార్నిష్, సీలెంట్, సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్‌లలో తగినదానిని ఎంచుకుంటాడు. ఫ్లోరైడ్ మేలు, కీడు రెండూ మోతాదు, వయసు, అందే మార్గం మీద ఆధారపడతాయి. మీ ఇంట్లో ఆరేళ్ళ పిల్లలుంటే ఈ రోజే వారి నోట్లో చివరి పళ్ళను దీపపు వెలుగులో ఒకసారి చూడండి. అవి శాశ్వత దంతాలని ఇప్పుడు మీకు తెలుసు.

9.8 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. ఆమ్లం వల్ల ఎనామిల్ నుంచి కరిగిన కాల్షియం, ఫాస్ఫేట్‌లు లాలాజలం సహాయంతో తిరిగి పంటికి చేరడం.
2. చిగురు అంచున కాంతి లేని, సుద్ద రంగు తెల్ల మచ్చ.
3. నమిలే పళ్ళపై ఉండే గాడులను. అక్కడికి బ్రష్ చేరదు, ఫ్లోరైడ్ ప్రభావమూ తక్కువ.
4. క్షయం పట్టిన భాగం శాశ్వతంగా నల్లబడుతుందని.
5. 3 × 2 × 30 = 180 మి.గ్రా.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. దంతవైద్యుడు ముప్పును అంచనా వేసే విధానాన్ని మీ ప్రాంతపు తాగునీటి పరిస్థితికి అన్వయించి వివరించండి.
2. "ఫ్లోరైడ్ విషమా, మందా?" తెలుగు ప్రాంతాల అనుభవం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్షయం మచ్చకూ, ఫ్లోరోసిస్ మచ్చకూ తేడాలు రాయండి.
2. సీలెంట్ వేసే విధానాన్ని తెలపండి.
3. రాత్రి షిఫ్టులో పనిచేసేవారికి దంతరక్షణ సలహాలు ఎలా మారాలి?

9.10 పదకోశం

ఎనామిల్: పంటి గట్టి పైపొర.
చర్వణకం: నమలడానికి ఉపయోగపడే వెనుక దంతం.
పాచి: పళ్ళపై పేరుకునే బాక్టీరియా పొర.
పీపీఎం: పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో తెలిపే కొలత.
ఫ్లోరోసిస్: అధిక ఫ్లోరైడ్ దీర్ఘకాలం ఒంట్లోకి చేరడం వల్ల పళ్ళకు, ఎముకలకు కలిగే వ్యాధి.